ఘంటసాల గీత మీద దుమ్ము దులిపేదెవరు?

రేడియో విన్నా వినకపోయినా, సినిమాలు చూసినా చూడకపోయినా, ప్రతి తెలుగువాడి చెవిన ఏదో ఒక రోజు పడిన రికార్డు ఒకటుంది. ఘంటసాల భగవద్గీత. మరి దాన్ని మొదటి శ్లోకం నుంచి చివరిదాకా, మంచి స్పీకర్లో, తీరిగ్గా కూర్చుని విన్నవాళ్లు మీకు తెలిసినవాళ్లలో ఎంతమంది? లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు. మిగతా అందరికీ అది దారిన పోతుంటే వినబడింది, అంతే.

మా కర్మన్‌ఘాట్ సంగతే చూడండి. ఈ ఊరి పేరు వెనకున్నదే ఒక గొంతు కథ. ధ్యానాంజనేయ స్వామి గుడిని పడగొట్టడానికి ఔరంగజేబు వచ్చాడట. లోపల్నుంచి ఉరుములాంటి గొంతు, ఆ పని చెయ్యాలంటే ముందు మనసు గట్టి చేసుకో, 'కరో మన్ ఘట్' అందట. అదే కర్మన్‌ఘాట్ అయిందని స్థలపురాణం. అలాంటి చోట కూడా ఘంటసాల గీత వినబడేది రెండు సందర్భాల్లోనే. ఒకటి, పొద్దున్నే మైకులో. రెండోది, వైకుంఠ రథం మీద. ఈ రెండోదాని పుణ్యమా అని ఇంట్లో ఎవరైనా ముచ్చటపడి ఆ పాట పెడితే పెద్దవాళ్లు, 'ఆపరా బాబూ, పొద్దున్నే అదేంటి, ఎవరైనా పోయారనుకుంటారు' అని కసురుకుంటారు.

ఒక మహా గాయకుడు తన చివరి రోజుల్లో పెట్టిన గొంతుకి ఇంతకంటే అన్యాయం ఉంటుందా? ఇందులో తప్పంతా మన నమ్మకాలది కాదు. సగం తప్పు మన చెవిదాకా వస్తున్న శబ్దానిది.

ఒకే ఇంటి పిల్లలు

ఇప్పుడు కాస్త లండన్ వెళ్లొద్దాం. 1973 మార్చిలో పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బం విడుదల చేసింది. నల్లటి అట్ట మీద గాజు పట్టకం, అందులోంచి ఇంద్రధనుస్సు బయటికొస్తున్న బొమ్మ. ఆ పాటలు వినకపోయినా ఆ బొమ్మని మీరు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్క టీషర్టుల మీదైనా చూసే ఉంటారు. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 1973 నుంచి 1988 మధ్య 741 వారాలు నిలిచిన ఆల్బం అది.

దానికి యాభై ఏళ్లు నిండగానే, 2023 మార్చిలో, కొత్తగా రీమాస్టర్ చేసి పెద్ద పెట్టెలో పెట్టి మళ్లీ అమ్మారు. ఆ పని చేసిన ఇంజనీరు జేమ్స్ గత్రీ. 1972-73లో అబ్బే రోడ్ స్టూడియోలో దాన్ని రికార్డు చేసిన ఇంజనీరు అలాన్ పార్సన్స్. యాభై ఏళ్ల తర్వాత కూడా ఎవరు ఏ పని చేశారో పేర్లతో సహా చెప్పగలుగుతున్నారు. టేపులు భద్రంగా ఉన్నాయి, లెక్కలు భద్రంగా ఉన్నాయి.

దీనికీ మన ఘంటసాలకీ ఏం సంబంధం అంటారా? ఉంది. అబ్బే రోడ్ స్టూడియో అప్పట్లో ఇ.ఎం.ఐ. కంపెనీది. మన ఘంటసాల గీతని విడుదల చేసిన హెచ్.ఎం.వి., అదే గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా, ఆ రోజుల్లో ఇ.ఎం.ఐ. కుటుంబంలోదే. గ్రామఫోన్ ముందు కూర్చుని చెవి ఒగ్గి వినే ఆ కుక్క బొమ్మ గుర్తుందిగా, ఆ ఇల్లు. రెండు రికార్డులూ దాదాపు ఒకే కాలంలో, ఒకే ఇంట్లో పుట్టిన పిల్లలన్నమాట. ఒకడికి స్వర్ణోత్సవం జరిగింది. రెండోవాడు మైకు గొట్టాల్లో తిరుగుతున్నాడు.

ఘంటసాల 1922 డిసెంబరు 4న పుట్టారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికాయనకి నిండా 52 ఏళ్లు కూడా లేవు. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న ఆఖరి రోజుల్లో పూర్తిచేసిన పని ఈ గీత. గీతలోని 700 శ్లోకాల్లోంచి వందకు పైగా ఎంచుకుని, రాగాలు కట్టి, ఒక్కో శ్లోకం వెనకే తెలుగులో తాత్పర్యం తనే చెప్పారు. ఆయన గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారి కుమారుడు సంగీతరావు గారు ఏళ్ల తరబడి ఆయనకి సంగీత సహాయకుడు. రికార్డు జనం చేతికి వచ్చేనాటికి ఘంటసాల లేరు.

పులుసు మళ్లీ కాచడం వేరు, పోపు పెట్టడం వేరు

రీమాస్టర్ అనే మాట సినిమా పోస్టర్ల మీద కూడా కనిపిస్తోంది కదా, అసలు అదేంటో చూద్దాం. వంటింటి భాషలో చెప్పుకుంటే తేలిక.

పాట రికార్డు చేసేటప్పుడు గొంతు ఒక దారిలో, వయొలిన్లు ఒక దారిలో, మృదంగం ఒక దారిలో టేపుకెక్కుతాయనుకోండి. తరిగిపెట్టిన కూరగాయల్లాగ. వాటిని తగు పాళ్లలో కలపడం మిక్సింగ్. పులుసు కాచడం. కాచిన పులుసుకి ఉప్పు, కారం సరిచూసి, పోపు పెట్టి గిన్నెలోకి దించడం మాస్టరింగ్. ఏళ్ల తర్వాత మళ్లీ ఆ ముక్కల దగ్గరికే వెళ్లి కొత్తగా కాస్తే రీమిక్స్. అదే పులుసుకి పోపు మాత్రం మార్చితే రీమాస్టర్.

ముక్కలు దాచుకున్నవాళ్లు రెండూ చెయ్యొచ్చు. 'డార్క్ సైడ్' పెట్టెలో పాత మిక్స్‌కి రీమాస్టరూ ఉంది, చుట్టూ నాలుగు వైపుల నుంచీ పాట వినిపించే డాల్బీ అట్మాస్ మిక్సూ ఉంది. ముక్కలు మిగలనివాళ్లకి పులుసే గతి. పులుసు గిన్నె కూడా పోతే, ఎవరింట్లోనో మిగిలిన ఎల్.పి. రికార్డే గతి.

టేపులు ఎలా పోతాయి? టేపు మీద ఇనుప తుప్పులాంటి పొడిని ఒక జిగురుతో అంటిస్తారు. గాల్లో తేమకి ఆ జిగురు నీరు పీల్చి బంకగా మారుతుంది. డెబ్బైల మధ్య నుంచి వచ్చిన కొన్ని రకాల టేపులకి ఈ జబ్బు మరీ ఎక్కువ. అలాంటి టేపుని అలాగే మిషనుకెక్కిస్తే పొడి రాలిపోతుంది, దాంతో పాటే పాటా పోతుంది. అందుకే వాటిని ముందు 50 డిగ్రీల దరిదాపు సన్నని వేడిలో గంటల తరబడి ఆరబెడతారు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు టేపు కుదురుగా ఉంటుంది. ఆ సందులోనే డిజిటల్‌లోకి ఎక్కించుకోవాలి. లండన్ చలిలోనే ఇంత తంటా ఉంటే, మద్రాసు, కలకత్తా ఉక్కపోత గురించి చెప్పాలా?

మైకు గొట్టంలో పోయేదేంటి?

మన వీధిలో వినిపించే గీత ఎన్ని చేతులు మారిందో ఊహించండి. టేపు నుంచి ఎల్.పి. దాన్నుంచో, టేపు నుంచో క్యాసెట్. ఆ క్యాసెట్ నుంచి పక్కింటివాళ్ల క్యాసెట్. దాన్నుంచి ఎంపీత్రీ. మొబైల్ షాపులో కుర్రాడు మెమరీ కార్డులో వందల పాటలు పట్టించడానికి దాన్ని ఇంకా నొక్కాడు. అక్కణ్ణుంచి పెన్‌డ్రైవు, యాంప్లిఫయర్, చివరికి గొట్టం మైకు.

ప్రతి మెట్టులోనూ కొంత పోతుంది. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కించిన ప్రతిసారీ 'సుయ్' మనే చప్పుడు పెరుగుతుంది, సన్నని స్వరాలు తగ్గుతాయి. ఎంపీత్రీ చెవికి అంతగా ఆననివని తను అనుకున్నవి తీసేస్తుంది. ఇక గొట్టం మైకు ఉన్నదే మాట దూరం వినబడటానికి. అది మధ్యస్థాయి శబ్దాన్నే గట్టిగా తోస్తుంది. కింది బాసూ రాదు, పై మెరుపూ రాదు.

ఘంటసాల గొంతులో ప్రాణమంతా ఎక్కడుంది? ఆ కింది స్థాయి గాంభీర్యంలో. పద్యం చివర నిదానంగా దిగే ఆ బరువులో. గొట్టం మైకు సరిగ్గా దాన్నే కోసేస్తుంది. మిగిలేది ముక్కుతో పాడుతున్నట్టుండే సన్నటి రొద. అది చావింటి శబ్దంలా అనిపిస్తే ఆశ్చర్యమేముంది?

ఎక్కువ కడిగినా ముప్పే

సరే, కంప్యూటర్లో వేసి శుభ్రం చేసేస్తే సరిపోతుందిగా అంటారు. అక్కడే జాగ్రత్త కావాలి. 'సుయ్' మనే చప్పుడు తీసేసే సాఫ్ట్‌వేర్‌కి చప్పుడికీ ఊపిరికీ తేడా పెద్దగా తెలియదు. మీట కాస్త ఎక్కువ తిప్పితే గాయకుడు తీసుకున్న ఊపిరీ, తంబురా మోగి మోగి ఆగిన తర్వాతి నిశ్శబ్దమూ కలిసి కొట్టుకుపోతాయి. గొంతు ప్లాస్టిక్ డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ఒంట్లో బాగాలేని మనిషి పట్టుదలగా పాడిన పాటలో ఆ అలసట కూడా చరిత్రే. దాన్ని తుడిచే హక్కు ఇంజనీరుకి లేదు.

రెండో ముప్పు హోరు. సీడీల కాలంలో, ముఖ్యంగా తొంభైల నుంచి, నా పాట గట్టిగా వినబడాలంటే నా పాటని కంపెనీలు పోటీపడి శబ్దం పెంచాయి. పెంచడానికి ఒకటే దారి. చిన్న శబ్దాన్ని లేపడం, పెద్ద శబ్దాన్ని నొక్కడం. అప్పుడు గుసగుసా, గర్జనా ఒకే ఎత్తులో వినిపిస్తాయి. అర్జునుడి విషాదమూ, విశ్వరూపమూ ఒకే సౌండులో వినిపిస్తే ఇక గీత ఏముంటుంది? ఇప్పుడు పాటలు వినిపించే యాప్‌లు చాలావరకు అన్నిటినీ ఒకే స్థాయికి తెచ్చి వినిపిస్తున్నాయి. కాబట్టి అలా పెంచి లాభం కూడా లేదు.

మూడోది పేర్లు. 'డార్క్ సైడ్'లో ఒక పాటంతా మాటల్లేని ఆలాపనే. ఆ గొంతు క్లేర్ టోరీ అనే అమ్మాయిది. ఆ రోజు ఆమెకిచ్చింది 30 పౌండ్లు. 2004లో ఆమె కోర్టుకెళ్లింది. 2005లో రాజీ కుదిరాక ఆ పాట స్వరకర్తల్లో ఆమె పేరూ చేరింది. మన పాత రికార్డుల్లో వీణ ఎవరు, ఫ్లూటు ఎవరు, రికార్డు చేసిందెవరు అన్నది అట్టల మీద వెతికితే ఎన్నిటికి దొరుకుతుంది? మంచి పునర్ముద్రణ అంటే శబ్దం ఒక్కటే కాదు. ఆ పేర్లన్నీ వెతికి అచ్చు వెయ్యడం కూడా.

మనవాళ్లకి చేతకాక కాదు

2010 జనవరిలో 'మాయాబజార్' రంగుల్లో వచ్చింది. 1957 నాటి నలుపు తెలుపు సినిమాకి రంగులద్దింది హైదరాబాద్ కంపెనీయే, గోల్డ్‌స్టోన్. పాత మోనో శబ్దాన్ని కూడా థియేటర్లకి తగ్గట్టు డి.టి.ఎస్.లోకి మార్చారు. ఆ సినిమా సంగీతంలో ఘంటసాలదే పెద్ద చెయ్యి. అంటే ఆయన పని మీద ఈ ప్రయత్నం మన ఊళ్లోనే ఒకసారి జరిగింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో 'పోకిరి' 4కె ఆటలు పడ్డాక రీరిలీజులు జాతరే అయ్యాయి. తెలిసిన సినిమాకే మళ్లీ టికెట్ కొని, హాల్లో కాగితాలు ఎగరేశారు కుర్రాళ్లు. పాతదానికి డబ్బు పెట్టేవాళ్లు లేరనే మాట ఇక చెల్లదు.

హక్కుల సంగతీ తెలుసుకోవాలి. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కి హక్కు 60 ఏళ్లు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్క. డెబ్బైల మధ్యలో వచ్చిన రికార్డులకి 2030ల మధ్య దాకా హక్కులు కంపెనీవే. హెచ్.ఎం.వి. వారసత్వం ఇప్పుడు సరిగమ చేతిలో ఉంది. ఆ తర్వాత ఎవరైనా వెయ్యొచ్చు, నిజమే. కానీ అప్పటికి చేతిలో ఏం మిగులుతుందన్నది ప్రశ్న. మంచి మూలం లేకపోతే వెయ్యిమంది వేసినా ఆ మైకు గొట్టం శబ్దమే వేస్తారు.

అందుకే అడగాల్సింది ఇప్పుడే. 2022లో శతజయంతికి దండలు వేశాం, సభలు పెట్టాం, బాగుంది. ఇక గీతకి ఒక మంచి పెట్టె కావాలి. ఏ టేపు నుంచి తీశారో, ఎవరు తీశారో, ఎవరెవరు వాయించారో రాసిన పుస్తకంతో సహా.

మీ అటక మీద ఎల్.పి. ఉందా?

అప్పటిదాకా మనం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి.

రికార్డుల్ని ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండ తగలనివ్వొద్దు. కొబ్బరినూనె, కిరోసిన్ లాంటి సొంత వైద్యాలు వద్దు. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి గుడ్డని గీతల వెంట గుండ్రంగా తిప్పి తుడిస్తే చాలు. అరిగిన ముల్లుతో వెయ్యొద్దు, అది పాటని గోకేస్తుంది.

క్యాసెట్టయితే ఒకసారి పూర్తిగా ముందుకీ వెనక్కీ తిప్పాకే ప్లే చెయ్యండి. లోపలున్న చిన్న స్పాంజి ఊడిపోయి ఉంటే మార్పించండి. అట్టనీ, మధ్యలోని లేబులునీ, దానిమీది నంబరునీ ఫొటో తీసి పెట్టుకోండి. ఏ ముద్రణో తెలిసేది దాంతోనే.

కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ముందు వేవ్ గానో, ఫ్లాక్ గానో దాచండి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అయితే మేలు. శుభ్రం చేయడం తర్వాత, అదీ నకలు మీదే. ఎంపీత్రీ ఫోన్ కోసం మాత్రమే. రెండు చోట్ల దాచండి. ఒకటి ఊళ్లో, ఒకటి అన్నయ్య ఇంట్లో.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున, వేరే పనేమీ పెట్టుకోకుండా, మంచి స్పీకర్లోనో, హెడ్‌ఫోన్స్‌లోనో గీత పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు కసురుకుంటే ఒకటే చెప్పండి. కృష్ణుడు ఆ మాటలు చెప్పింది పోయినవాడికి కాదు. రథం మీద విల్లు వదిలేసి కూలబడ్డవాడికి, లేచి నిలబడమని. తాత్పర్యం చెప్పే ఘంటసాల గొంతు ఎంత దగ్గరగా ఉందో విన్నాక వాళ్లే సౌండు పెంచమంటారు.