నందికొండ క్రింది నేల

నందికొండవద్ద నాగార్జునసాగరపు ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. ఆ ప్రాంతపు నేలకు అడుగున నున్న గ్రానైటు శిల సుమారు 250 కోట్ల యేండ్ల నాటిది. నల్లగొండ, మహబూబునగరు గ్రామములలో గుట్టలై కనబడునదియు అట్టిదే.

ఇంతటి శిలయు భూమికి పైపెంకు మాత్రమే. భూకేంద్రము 6,371 కిలోమీటర్ల లోతున నున్నది; మన పెంకు మందము 35 కిలోమీటర్లకు అటునిటు. పోల్చి చూచినచో కోడిగ్రుడ్డు పెంకుకన్నను పలుచన! దాని క్రింద 2,900 కిలోమీటర్ల లోతువరకు మిక్కిలి వేడియైన రాతిపొర గలదు. అది ఘనమే యైనను మెల్లమెల్లగా కదలును. అంతకు దిగువ ఇనుపగర్భము. దాని వెలుపలిభాగము ద్రవము, నడిమిముద్ద ఘనము.

పెంకు, దాని నంటియున్న గట్టిపొరతో కూడి, పెద్ద ఫలకములుగా చీలియున్నది. మన ఫలకము ఏటికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరముగా సాగుచు ఆసియాను నెట్టుచున్నది. హిమాలయములు లేచినది ఆ త్రోపుడువలననే. ఆ ఒత్తిడి దక్కనునకును సోకును; లోపలి ప్రాతపగుళ్లు ఎప్పుడైన జారినచో నేల కంపించును.

ప్రాతరాయి కదలదని మేమును నమ్మియుంటిమి. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రములోని కిల్లారి భూకంపము ఆ నమ్మకమును చెరిపినది. అచట వేలమంది మట్టితో పేర్చిన లావు రాతిగోడలు, బరువైన మట్టిమిద్దెలు కూలి మరణించిరి. అట్టి ఇండ్లు మన పల్లెలలోను గలవు.

కావున పంచాయతీవారు బడి కట్టించునపుడు, రాతిగోడలో దాని మందమంతయు పట్టు పొడుగురాళ్లు వేసిరా, తలుపుల పైమట్టమున గోడలన్నిటిని చుట్టి కాంక్రీటు పట్టీ యున్నదా యని మేస్త్రీని అడుగవలెను. పట్టీలోని ఇనుము మూలలవద్ద తెగక తిరిగినదో లేదో కాంక్రీటు పోయకమునుపే చూడవలెను; పిదప కనబడదు.