పగడపు దిబ్బలు

నవరత్నములలో పగడ మొకటి. నల్లపూసల నడుమ దానిని గ్రుచ్చుకొను ఆచారము తెలుగు ఇండ్లలో నేటికిని కలదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమున సుంకము నిర్ణయించిన సరకులలో పగడమును చేరియున్నది.

పగడము రాయి కాదు, చెట్టును కాదు. చిన్న జంతువు కట్టుకొన్న సున్నపు గూడు. నగలకు వచ్చు ఎఱ్ఱ పగడము ముఖ్యముగా మధ్యధరా సముద్రపుది. ఉష్ణసముద్రములలో దిబ్బలు కట్టునవి దాని జ్ఞాతులు. వీని శరీరములలో సూక్ష్మమైన నాచు కాపురముండి, సూర్యరశ్మితో ఆహారము సమకూర్చును. నీరు మితిమీరి వేడెక్కినచో పగడము ఆ నాచును వెళ్ళగొట్టును. తెల్లబారి, ఆకలితో చచ్చును. బండవలె పెరుగు పగడములు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగును. కనుక ఒక్క దినమున చెడినది మరల నిలుచుటకు తరములు పట్టును.

గోదావరీ కృష్ణలు తెచ్చు ఒండ్రుమట్టి వలన మన తీరమున పెద్ద దిబ్బలు పెరుగలేదు. అట్లయిన సముద్రమునకు బహుదూరమున నున్న గొల్లపల్లి వారికి వీనితో పని యేమి? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి వేలమంది బ్రతుకుదెరువునకై గల్ఫు దేశములకు పోవుచున్నారు గదా! ఆ తీరముననే, దుబాయిలో, 2001 నుండి ఖర్జూరవృక్షపు ఆకారమున దీవులు కట్టుటకు సముద్రపు ఇసుకను తోడి పోసిరి. ఆ ఇసుక క్రింద కొన్ని దిబ్బలు పూడిపోయినవి. నీట లేచిన మడ్డి మరికొన్నింటికి వెలుతురును అడ్డినది. అక్కడి పగడములు వేడికి అలవాటుపడినవే. అయినను 2017 వేసవిలో అబూదాబి సమీపమున సగమునకు మించి నశించినవి.

మన దేశముననే రామేశ్వరము, తూత్తుకుడి నడుమ మన్నారు సింధుశాఖలో 21 దీవుల చుట్టు దిబ్బలున్నవి. సున్నమునకు, సిమెంటునకు వానిని ఏండ్లతరబడి తవ్విరి. అలల నాపు గోడ పోగా రెండు దీవులు నీట మునిగినవి. 1986లో ఆ ప్రాంతము జాతీయ సముద్రోద్యానమైనది. 2001లో దిబ్బలు కట్టు పగడములకు వన్యప్రాణి చట్టపు రక్షణ లభించినది. తవ్వకము చాలవరకు ఆగినది.

చట్టము గునపమును ఆపగలదు గాని సముద్రపు వేడిని ఆపలేదు. బొగ్గు, చమురు మండించుటవలన పుట్టు ఆ వేడిలో మన యింటి దీపమునకును పాలు కలదు. అండమాను పోయినవారు పగడమును త్రొక్కరాదు, తుంచి తేరాదు. ఇంట నున్నవారు వృథాగా విద్యుత్తును వాడరాదు. చెరువుకట్టకు గండిపడిన నాడు, తన పొలము దూరమని ఊరివా రెవ్వరును ఊరకుండరు. సముద్రపు కట్టకును ఆ న్యాయమే వర్తించునని మేము శ్రోతలకు మనవి చేయుచున్నాము.