రంగు పోయినది, ఉప్పు నిలిచినది
నొయ్యల్ తీరపు నేల, బావుల సంగతి

అద్దకము లేనిదే నేతకు అందము లేదు. అయితే చిలపలు పిండిన తరువాత తొట్టిలో మిగిలిన నీరు ఎక్కడికి పోవుచున్నదని మన వృత్తివారు అడుగుట అరుదు. ఆ ప్రశ్నకు నొయ్యల్ నదీతీరము చెప్పిన జవాబును సభ్యుల ముందు ఉంచుచున్నాము.

నొయ్యల్ నది వెళ్ళియంగిరి కొండలలో పుట్టి, కోయంబత్తూరు, తిరుప్పూరుల మీదుగా ప్రవహించి కావేరిలో కలయును. తెలుగు నేత కుటుంబములు తరతరములుగా నివసించు కొంగునాటి నది గనుక ఇది మనకు పరాయి కథ కాదు. ఈ నదిపై పొలములకు నీరిచ్చుటకై 1992లో ఒరత్తుపాళయము వద్ద ఆనకట్ట కట్టిరి. దాని వెనుక తిరుప్పూరు అద్దకశాలల నీరు వచ్చి నిలిచినది. నీరు కావలెనని కోరవలసిన రైతులే ఈ నీరు వలదని కోర్టుకెక్కిరి. నష్టమును అంచనా వేయుటకు నియమింపబడిన ప్రాధికార సంస్థ 2004లో 28 వేలకు పైగా రైతులకు సుమారు 24 కోట్ల 79 లక్షల రూపాయల పరిహారము నిర్ణయించినది. పరిహారమే కాక, చెడిన నేలను, నీటిని బాగుచేయు ఖర్చు కూడ చెరచినవారే భరించవలెనని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2011 జనవరి 28న మద్రాసు హైకోర్టు ఏడు వందలకు పైగా అద్దకశాలలను మూయించెను. వేలాది కూలీలకు పని పోయినది.

ఉప్పు ఎక్కడిది?

రియాక్టివ్ రంగులు నూలును పట్టుటకు ఉప్పు కావలెను. సాధారణపు ఉప్పో, గ్లాబర్ ఉప్పో వేయుదురు. అది రంగును నీటినుండి నూలువైపు తోయును గాని తాను నూలులో నిలువదు. వేసినదంతయు నీటితోనే బయటికి పోవును. లెక్క చూడుడు. కిలో నూలుకు పది లీటర్ల తొట్టి. లీటరుకు 50 గ్రాముల చొప్పున అర కిలో ఉప్పు. తాగునీటిలో కరిగిన లవణములు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకుండుట మేలనియు, వేరు ఆధారము లేనిచోట 2000 వరకు ఓర్వవచ్చుననియు ప్రభుత్వ ప్రమాణము. ఆ అర కిలో ఉప్పును మొదటి హద్దుకు పలుచన చేయుటకు ఉప్పులేని నీరు సుమారు వెయ్యి లీటర్లు పట్టును!

సున్నము, అన్నభేది వేసి శుద్ధిచేసినచో రంగు మడ్డిగా అడుగున దిగును. నీరు తేటగా కనబడును. కాని ఉప్పు కదలదు. తేటనీరు చూచి మంచినీరనుకొనుటయే ఇందు పెద్ద ప్రమాదము.

నేల సంగతి

బంకమట్టిని గుల్లగా ఉంచునది సున్నపు ధాతువైన కాల్షియము. ఉప్పులోని సోడియము దాని చోటు ఆక్రమించినచో మట్టి తడిసినపుడు జిగటగాను, ఎండినపుడు పెంకువలెను అగును. నీరు లోపలికి దిగదు. మన రైతులు పాలచౌడు, కారుచౌడు అని వేరుగా చెప్పుట ఊరక కాదు. పైన తెల్లగా ఉప్పు పేరిన పాలచౌడును మంచినీటితో కడుగవచ్చును. సోడియము పట్టిన కారుచౌడుకు ముందు జిప్సం వేసి, పిదప కడుగవలెను. రెంటికిని మురుగు కాలువ తప్పనిసరి. అది లేనిచో కడిగిన ఉప్పు తిన్నగా బావిలోనికే దిగును.

బావి సంగతి

కొంగునాటి నేలక్రింద గట్టి రాయి కలదు. నీరు శిథిలమైన పైరాతిలోను, లోతు పగుళ్ళలోను ఉండును. కావున ఒక బావి ఉప్పగా ఉండగా ప్రక్కబావి బాగుండవచ్చును. వానలకు పైనీరు పలుచబడి, వేసవిలో అదే బావి మరల ఉప్పగా మారవచ్చును. ఒక్క బావి, ఒక్క మాసము చూచి ఊరు బాగుపడినదని వ్రాసిన నివేదిక చెల్లదు. అద్దకశాల మూసిన నాడు కొత్త ఉప్పు ఆగును. పాతది తనంతట తాను పోదు. ఎక్కడ బాగుచేత పనిని పరిశీలించినను అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఇంతకాలము వేసిన ఉప్పు ఇప్పుడు ఎక్కడ నున్నది?

మనము చేయవలసినది

పెద్ద శాలలు ఒక చుక్కయు బయటికి వదలక నీటిని వడగట్టి, మరిగించి, ఉప్పును తీసి మరల తొట్టిలో వాడు పద్ధతి తిరుప్పూరులో అమలునకు వచ్చినది. ఖర్చు హెచ్చు. విడదీయరాని మిశ్రమపు ఉప్పు మిగులును. దానిని వాన తగులని చోట, నేలలో ఇంకని గచ్చుపై ఉంచవలెను. మన చిన్న తొట్టులకు అట్టి యంత్రములు అందవు. అయినను తక్కువ నీటితో అద్దుట, ఉప్పును తూచి వేయుట, తొట్టినీటిని పెరటి గుంతలో ఇంకింపక ఉమ్మడి శుద్ధిశాలకు పంపుట మనచేతిలోనివే.

అద్దకము జరుగు ప్రతి వాడలోను కనీసము నాలుగు బావుల నీటిని వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి పరీక్ష చేయించి, ఆ అంకెలను సంఘపు పుస్తకములో తేదీతో వ్రాయించవలెనని సభ్యులను కోరుచున్నాము. ఆ నీరు మొదట త్రాగునది మన పిల్లలే.