లైసెన్సు ఒక్కటే చాలదు!

మన దగ్గర గంజాయి కేసంటే చదువు, ఉద్యోగం, పాస్‌పోర్టు... అన్నీ చిక్కుల్లో పడ్డట్టే. అమెరికాలోని కాలిఫోర్నియాలో మాత్రం 21 ఏళ్లు నిండినవారు లైసెన్సున్న దుకాణంలో దర్జాగా బిల్లు కట్టి కొనుక్కోవచ్చు. 2016 నవంబరులో అక్కడి ఓటర్లు దీనికి సరేనన్నారు. 2018 జనవరి 1 నుంచి అమ్మకాలు మొదలయ్యాయి. మరి నిన్నటిదాకా అదే సరుకుతో పట్టుబడి జైలుకెళ్లినవాళ్ల సంగతేంటి? వ్యాపారం చట్టబద్ధం కాగానే లాభాలన్నీ డబ్బున్నవాళ్లకేనా? ఈ ప్రశ్నకు ఓక్లాండ్ నగరం ఓ జవాబు వెతికింది. లా, ఎంబీఏ, పబ్లిక్ పాలసీ... మీరు ఏది చదువుతున్నా తెలుసుకోవాల్సిన పాఠం ఇందులో ఉంది.

ఎవరికి అవకాశం?

2015లో ఓక్లాండ్‌లో గంజాయి కేసుల్లో అరెస్టయినవారిలో 77 శాతం మంది నల్లజాతీయులు. తెల్లజాతీయులు 4 శాతమే. నగర జనాభాలో మాత్రం ఇద్దరి వాటా దాదాపు సమానం! ఈ లెక్క చూశాకే 2017లో నగర పాలకమండలి ఈక్విటీ కార్యక్రమం తెచ్చింది. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది.

దరఖాస్తుదారు ఓక్లాండ్ వాసి అయి ఉండాలి. ఆదాయం నగర మధ్యస్థ ఆదాయంలో 80 శాతం మించకూడదు. వీటికి తోడు 1996 నవంబరు తర్వాత నగరంలో గంజాయి కేసులో శిక్ష పడి ఉండాలి. లేదా, పోలీసు దాడులు ఎక్కువగా జరిగిన ప్రాంతాల్లో గత 20 ఏళ్లలో పదేళ్లయినా నివసించి ఉండాలి. అంటే, వేరేచోట అనర్హతగా చూసే పాత కేసే ఇక్కడ అర్హత అయిందన్నమాట.

మొదటి దశలో సగం పర్మిట్లు వీళ్లకే. వడ్డీ లేని రుణాలూ ఇచ్చారు. ఈక్విటీ వ్యాపారికి మూడేళ్లు ఉచితంగా స్థలమిచ్చే ఇతర కంపెనీల దరఖాస్తులకు ప్రాధాన్యం దక్కింది.

చిక్కు ఎక్కడ?

కార్యక్రమం మొదలయ్యేనాటికి ఫెడరల్ చట్టం గంజాయిని హెరాయిన్‌తో కలిపి ఒకే జాబితాలో ఉంచింది. దాంతో బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడాయి. ఆ జాబితాలోని సరుకు అమ్మేవాళ్లు అద్దె, జీతాల్లాంటి ఖర్చులు చూపించి పన్ను తగ్గించుకోవడానికీ వీల్లేదు. చేతిలో పర్మిట్ ఉంది, పెట్టుబడి లేదు. అలాంటప్పుడు ఎవరో ఒకరు డబ్బు పెడతానని వస్తారు. పేరు ఈక్విటీ వ్యాపారిది, పెత్తనం పెట్టుబడిదారుది! ఇలాంటి బినామీ ఒప్పందాలు ఈ రంగాన్ని వెంటాడుతున్న పెద్ద సమస్య.

మీకేంటి?

రేపు మీరు స్టార్టప్‌లో భాగస్వామిగా చేరినా, ప్రభుత్వ పథకం కింద యూనిట్ పెట్టినా ఇదే పరిస్థితి ఎదురుకావచ్చు. సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నా వాటా ఎంత? నిర్ణయాలు ఎవరివి? విడిపోవాల్సి వస్తే నాకు మిగిలేదేంటి? ఒప్పందాన్ని మీ తరఫు లాయరుకు చూపించాకే ముందుకెళ్లండి.

గ్రూప్ డిస్కషన్‌లో సమానత్వం మీద టాపిక్ వస్తే ఓక్లాండ్ మంచి ఉదాహరణ. అవకాశం ఇవ్వడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టుకునే బలం ఇవ్వడం మరో ఎత్తు అని లెక్కలతో చెప్పొచ్చు.

అమెరికా వెళ్లేవారికి...

కాలిఫోర్నియాలో చట్టబద్ధమే కదా అని అక్కడి గంజాయి దుకాణంలోనో, కంపెనీలోనో పనికి కుదిరితే ఇబ్బందులు తప్పవు. వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఫెడరల్ చట్టం పరిధిలోవి. రాష్ట్రంలో అనుమతి ఉన్నా ఈ రంగంలో చేసిన ఉద్యోగం పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు కావచ్చని 2019 ఏప్రిల్‌లో అక్కడి ఇమిగ్రేషన్ శాఖ స్పష్టం చేసింది. ఇక మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి దగ్గర ఉంచుకోవడమే నేరం. ఓక్లాండ్ నుంచి మనం తెచ్చుకోవాల్సింది సరుకు కాదు, పాఠం!