లైకోపోడియం, సంజీవని: పెట్టుబడికి ముందు తెలుసుకొనవలసినవి



ఔషధ మొక్కల సాగు పేరిట మీ వద్దకు వచ్చే ప్రతిపాదనలలో లైకోపోడియం, సంజీవని అనే పేర్లు వినిపించవచ్చు. అప్పుచేసి పెట్టుబడి పెట్టే ముందు ఈ మొక్కల స్వభావం తెలుసుకొనుట మీకు మేలు.

లైకోపోడియం చూపునకు నాచును పోలినను నాచు కాదు. నాచునకు లేని వేర్లు, నీటిని మోసే నాళాలు దీనికి కలవు. ఇది పువ్వు పూయదు, గింజ కట్టదు. కొమ్మల కొసలయందలి చిన్న కంకులలో పసుపుపచ్చని పొడివలె సిద్ధబీజాలు ఏర్పడతాయి. సుమారు 30 కోట్ల ఏళ్ల క్రితం దీని బంధువులు 30 మీటర్ల ఎత్తు వృక్షాలై పెరిగి, ఐరోపా, ఉత్తర అమెరికాల బొగ్గు నిక్షేపాలకు మూలమయ్యాయి. నేడు మన దేశంలో హిమాలయాలు, నీలగిరుల వంటి చల్లని, తేమగల కొండలపై ఈ మొక్క నేలబారుగా పాకుతుంది.

ఆ పొడి నీటికి తడవదు. గాలిలో చల్లి నిప్పు చూపితే భగ్గున మండుతుంది. అందుచేత పూర్వం మందుల మాత్రలు ఒకదానికొకటి అంటుకొనకుండా దీనిని అద్దేవారు. నాటక రంగస్థలంపై మెరుపులకు, బాణసంచాకు వాడేవారు. 1807లో ఫ్రాన్సు దేశపు నియెప్స్ సోదరులు పేటెంటు పొందిన ఇంజనుకు ఈ పొడియే ఇంధనం. హోమియో వైద్యంలో లైకోపోడియం నేటికీ వాడుకలో ఉంది.

ఇక సాగు విషయం. సిద్ధబీజం నుండి పుట్టే తొలి మొక్క నేలలోపల, శిలీంధ్రం సాయంతో ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. కనుక ఎకరాలలో విత్తి, వాయిదా నాటికి కోసి అమ్మదగిన పైరు కాదిది.

సంజీవని పేరుతో అమ్మే సెలాజినెల్లా దీని బంధువే. ఎండితే ఉండవలె ముడుచుకొని, నీరు తగిలితే విచ్చుకొంటుంది. రామాయణంలోని సంజీవని ఇదేనని కొందరి నమ్మకం. అందుకు శాస్త్ర నిర్ధారణ లేదు. విచ్చుకొనే గుణం చూసి రోగాలు నయమగునని భావించరాదు.

అయితే సెలాజినెల్లాలోని అలంకరణ రకాలను నీడ, తేమ, ఆకుమట్టి ఉన్నచోట కాండపు ముక్కలతో పెంచవచ్చు. ఇప్పటికే నర్సరీ నడిపేవారికి ఇది అదనపు ఆదాయం కాగలదు. వ్యాపారులు మాత్రం అటవీశాఖ అనుమతి లేనిదే అడవిలో సేకరించిన సరుకు కొనరాదు.

కావున ప్రతిపాదన తెచ్చినవారిని మూడు ప్రశ్నలు అడగండి: నారు ఎక్కడిది? సరుకు ఎవరు కొంటారు, వ్రాతపూర్వకంగా ఒప్పుకొంటారా? తొలి రాబడి ఎన్నడు? ఆ జవాబులను మీ వాయిదాల తేదీలతో సరిచూసుకొన్న పిమ్మటనే సంతకం చేయండి.