ముడుమాల్ నిలురాళ్ళ దగ్గర పిల్లలతో ఒక పొద్దు

పదమూడు అడుగుల రాయిని క్రేన్ లేకుండా ఎట్లా నిలబెట్టిన్రు? మా అక్క కొడుకు అడిగిన ప్రశ్న ఇది. వాడు ఎనిమిదో తరగతి. సివిల్ చదువుతున్న నన్ను వైవాలో కూడా ఎవరూ ఇంత మంచి ప్రశ్న వేయలేదు.

అక్కవాళ్ళది మక్తల్. సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు వాణ్ణీ, మూడో తరగతి చదివే వాడి చెల్లెల్నీ ముడుమాల్ తీసుకెళ్ళాను. నారాయణపేట జిల్లా, కృష్ణ మండలం, కృష్ణా నది ఒడ్డు. 80 దాకా ఎత్తైన రాళ్ళు, వాటి చుట్టూ వరసలు కట్టినట్టు మూడు వేల చిన్న రాళ్ళు. ఇవి 3500 ఏళ్ళకు పైబడినవని పరిశోధకుల మాట. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. ఊళ్ళోవాళ్ళకు మాత్రం అవి ఎప్పట్నుంచో నిలురాళ్ళే. ఒక రాయిని నిలురాళ్ళ తిమ్మప్పగా, ఇంకోదాన్ని ఎల్లమ్మగా కొలుస్తారు.

వాడి ప్రశ్నకు అక్కడే లెక్క వేశాం. రాయి ఎత్తు 13 అడుగులు, వెడల్పు 4, మందం 3 అనుకుందాం. 156 ఘనపుటడుగులు, అంటే సుమారు 4.4 ఘనపు మీటర్లు. గ్రానైట్ ఘనపు మీటరుకు 2.7 టన్నులు. మొత్తం దాదాపు 12 టన్నులు! ఒకవైపు ఏటవాలుగా గుంత తవ్వి, రాయి అడుగుభాగాన్ని అందులోకి జార్చి, తాళ్ళతో లాగి, చుట్టూ రాళ్ళు దట్టించి నిలబెట్టి ఉండొచ్చని చెప్పాను. "మరి లాగేటోళ్ళకు అన్నం ఎవరు పెట్టిన్రు చిన్నమ్మా?" అంది చిన్నది. నిజానికి అసలు ఇంజినీరింగ్ అక్కడే ఉంది. అంతమందిని ఒక్కచోటికి తేవాలి, తిండి పెట్టాలి, ఒకేసారి లాగించాలి.

కొన్ని వరసలు అయనాంతాల్లో, విషువత్తుల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు సరిపోతాయని అధ్యయనాలు చెప్తున్నాయి. ఇది పిల్లలకు చెప్పడం కష్టం అనుకుంటాం గానీ పిడికిలి చాలు. చేయి చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. మన దగ్గర సూర్యోదయం జూన్‌లో తూర్పుకు 24 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబర్‌లో అంతే దక్షిణంగా జరుగుతుంది. అంటే ఆ చివర నుంచి ఈ చివరకు ఐదు పిడికిళ్ళు. ఇద్దరూ పొలాల వైపు చేతులు చాపి కొలిచారు. చిన్నదానికి ఆరు వచ్చాయి, అన్నతో కొట్లాట.

ఇంకో బండ మీద గిన్నెల్లా తొలిచిన చిన్న గుంటలున్నాయి. వాటిల్లో కొన్ని సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయంటారు. తెల్లారకముందే బయల్దేరడం ఇక్కడ పనికొచ్చింది. జనవరిలో ఆ వేళకు సప్తర్షులు ఉత్తరాన బాగా పైకి కనిపిస్తారు. దారిలో బండి ఆపి చుక్కలు చూపించి, తర్వాత బండ చూపించాను. మధ్యాహ్నం ఎండలో ఆ గుంటలు సరిగ్గా కనపడవు. పొద్దున ఏటవాలు వెలుగులో నీడ పడి తేలిపోతాయి. సుద్దముక్కతో గీసి ఫోటో తీద్దామని మనవాళ్ళకు అనిపిస్తుంది, దయచేసి వద్దు.

చిన్న రాళ్ళను చూసి "ముగ్గు చుక్కల్లెక్క ఉన్నయ్" అంది ఆ పిల్లే. నేను ఎన్ని పేపర్లు చదివినా నాకు తట్టని మాట! నిలురాయికి రక్షణ దాని ఎత్తే, కదిలించడం ఎవరి తరమూ కాదు. చిన్న రాయి మాత్రం గట్టుకో, పునాదికో ఇట్టే పోతుంది. దాన్ని మ్యూజియంలో పెట్టినా లాభం లేదు, దాని విలువంతా పక్క రాయికి అది ఎంత దూరంలో, ఏ దిక్కున ఉందనేదే. పెద్దోడు ఒక రాయిని కాలితో దొర్లించబోతే, "ఒరేయ్, చుక్క చెరుపుతున్నవ్!" అని చెల్లెలే గదిమింది.

తెలంగాణలో చాలాచోట్ల రాకాసి గుళ్ళని పిలిచేవి కూడా ఇలాంటి కాలపు రాళ్ళే. గుండ్రంగా బండలు పేర్చి మధ్యలో సమాధి కట్టేవాళ్ళు, లోపల కుండలు, ఇనుప పనిముట్లు దొరుకుతాయి. సమాధి అనగానే చిన్నది నా చున్నీ పట్టుకుంది, పెద్దోడు ఫోన్ అడిగాడు.

వెళ్ళేవాళ్ళు నీళ్ళు, టోపీలు పట్టుకెళ్ళండి, నీడ తక్కువ. పిల్లలతో అయితే పొద్దున తొమ్మిదిలోపే చూసేయాలి. డిసెంబర్ 21 సూర్యోదయం చూద్దామంటే సెమ్ ఎగ్జామ్స్, జూన్ 21 అంటే మబ్బులు. మార్చి 21 ఖాళీగా ఉన్నవాళ్ళు చెప్పండి, దిక్సూచి నేను తెస్తా.