ఆరేళ్లు దాటితే ఇల్లు దొరకదా?

మన ఇళ్లలో దత్తత కొత్త మాటేం కాదు. వంశం నిలవాలనో, ఆస్తికి వారసుడు కావాలనో, తలకొరివి పెట్టేవాడుండాలనో అన్నదమ్ముల పిల్లల్నీ అక్కచెల్లెళ్ల పిల్లల్నీ తెచ్చుకుని పెంచుకోవడం తరాలుగా ఉన్నదే. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కూడా ఆ ఆలోచనలోంచి పుట్టిందే. కొడుకున్నవారు కొడుకుని, కూతురున్నవారు కూతుర్ని దత్తత తీసుకోకూడదంటుంది. పెద్దల లోటు తీరాక ఇక దత్తతతో పనేమిటన్నది దాని లెక్క. ఆ బిడ్డకేం కావాలన్న ప్రశ్న అందులో దాదాపు కనిపించదు. ఆ ప్రశ్నను ముందుకు తెచ్చింది 2015 నాటి బాలల న్యాయ చట్టం. ఏ మతం వారైనా దాని కింద దత్తత తీసుకోవచ్చు. పిల్లల్ని హోముల్లో ఉంచడం ఆఖరి మార్గంగానే ఉండాలని ఆ చట్టంలోనే రాసి ఉంది. అయితే చట్టం మారినంతగా మన కోరికలు మారలేదు.

కేంద్ర దత్తత సంస్థ 'కారా' పోర్టల్‌లో 30 వేలకు పైగా దరఖాస్తులు వరుసలో ఉన్నాయి. 2024–25లో దేశమంతటా జరిగిన దత్తతలు 4,515. అప్పటికి పన్నెండేళ్లలో అదే ఎక్కువ. దరఖాస్తు పెట్టినవారు మూడేళ్లకు పైగా ఎదురుచూడాల్సి వస్తోంది. ఇది వినగానే చాలామంది అడిగేది ఒకటే: ఇన్ని వేలమంది పిల్లలు హోముల్లో ఉంటే ఈ ఆలస్యమెందుకని. తప్పంతా అధికారుల ఫైళ్లదే అనుకోవడం సులువు. కానీ హోముల్లో నిజమైన అనాథలు తక్కువ. చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. పేదరికం, తాగుడు, జబ్బు, జైలు, మారు మనువు ఇలా ఏదో ఒకటి ఆ పిల్లల్ని అక్కడికి చేర్చి ఉంటుంది. అలాంటివారిని దత్తతకు ఇవ్వడానికి చట్టం సాధారణంగా ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ఇక దత్తతకు వీలున్న కొద్దిమందిలోనూ ఎక్కువమంది కోరేది ఆరోగ్యంగా ఉన్న పసికందునే. ఆరో ఏటో ఎనిమిదో ఏటో ఉన్న పిల్లవాడు, వైకల్యమున్న పాప, విడదీయకూడని అక్కాతమ్ముళ్లు ఆ వరుసలో ఎవరి కంటా పడకుండా ఉండిపోతారు.

తిండి, బట్ట, బడి ఉంటే చాలదా అన్న సందేహానికి రొమేనియాలో గట్టి జవాబే దొరికింది. 1966లో అక్కడి ప్రభుత్వం గర్భస్రావాలను నిషేధించాక, సాకలేనివారు వదిలేసిన పిల్లలతో శరణాలయాలు నిండిపోయాయి. 2000లో బుకారెస్ట్‌లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే పరిశోధకులు అలాంటి 136 మంది పసివాళ్లను ఎంచుకున్నారు. లాటరీ తీసినట్టుగా సగం మందిని తాము శిక్షణ ఇచ్చిన కుటుంబాలకు పెంపకానికి పంపారు. మిగతావారు యథాప్రకారం శరణాలయాల్లోనే ఉన్నారు. ప్రభుత్వం వాళ్లను వేరే ఇళ్లకు పంపాలనుకుంటే మాత్రం పరిశోధకులు అడ్డు చెప్పలేదు. నాలుగున్నరేళ్ల వయసుకు శరణాలయాల పిల్లల సగటు ఐక్యూ 73 దగ్గర ఆగింది. ఇళ్లకు వెళ్లినవారిది 81కి చేరింది. మొదటినుంచీ సొంత ఇంట్లో పెరిగిన పిల్లలది 109. రెండేళ్లలోపు ఇల్లు దొరికినవారు ఎక్కువగా కోలుకున్నారు. తెలివితేటల సంగతి అలా ఉంచితే, ఒక మనిషిని నమ్మి ఆ మనిషిని అంటిపెట్టుకోగలగడంలోనూ వాళ్లే మెరుగయ్యారు.

మన హోములు అంత ఘోరంగా లేవు కదా అనవచ్చు. నిజమే, చాలావాటిలో ప్రేమగా చూసే ఆయాలున్నారు. కానీ ఆయా షిఫ్టు ముగిశాక ఇంటికి వెళ్లిపోతుంది, ఏడాదికో రెండేళ్లకో మరొకరొస్తారు. రాత్రి జ్వరమొస్తే లేచేది ఎవరో, రేపు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేది ఎవరో బిడ్డకు ముందుగా తెలియకపోవడమే అసలు లోపం. పెయింటు వేసి, మెనూ మార్చినంత మాత్రాన అది పోదు. తెలుగువారి దగ్గర ఇంకో అభ్యంతరం తప్పకుండా వినిపిస్తుంది: గురుకులాల్లో, కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లలో మన పిల్లలు లక్షల్లో చదువుకోవడం లేదా అని. ఆ చదువుల మీద నాకు వేరే ఫిర్యాదులున్నాయి, అది అలా ఉంచుదాం. ఆ పిల్లలకు ఆదివారం ఫోన్ వస్తుంది. దసరాకీ సంక్రాంతికీ పెట్టె సర్దుకుని వెళ్లడానికి ఓ ఊరుంటుంది. ఇంటర్ ఫెయిలైతే తిట్టడానికైనా ఒకరుంటారు. బాలసదనంలోని అమ్మాయి పండక్కి కూడా అక్కడే ఉంటుంది.

అందుకని అందరినీ దత్తతకు ఇచ్చేయాలని నేననడం లేదు. కన్నవారు పేదరికం వల్లే పిల్లల్ని వదులుకుంటుంటే మొదట ఆదుకోవలసింది ఆ కన్నవారినే. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్‌గా నెలకు 4,000 రూపాయలిచ్చే ఏర్పాటు ఉంది. అది సకాలంలో అందితే చాలామంది పిల్లలు హోము గడప తొక్కనక్కర్లేదు. కన్నవారు ఉన్నా తిరిగి చూడని పిల్లలకు పనికొచ్చేది ఫోస్టర్ కేర్. అంటే కన్నవారి హక్కులు తెంపకుండా, బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతో, ఓ కుటుంబం కొంతకాలం తమ ఇంట్లో పెంచడం. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లల్ని ఇలా పంపవచ్చు. పెళ్లికానివారు, భర్తో భార్యో లేనివారు కూడా 35–60 ఏళ్ల మధ్య ఉంటే ముందుకు రావచ్చు. రెండేళ్లు పెంచాక, ఆ బిడ్డ దత్తతకు అర్హుడైతే ఆ కుటుంబమే దత్తత తీసుకోవచ్చు. మునుపు దీనికి ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది.

పెంపకం పేరుతో తెచ్చుకుని అంట్లు తోమిస్తే? ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. 'మా పిల్లతో పాటే ఉంటుంది' అంటూ బంధువుల అమ్మాయిని తెచ్చి చాకిరీ చేయించిన ఇళ్లు మనకు తెలియనివేం కావు. కానీ ఆ ఇళ్లకు ఎవరూ తనిఖీకి వెళ్లలేదు. ఫోస్టర్ కేర్‌లో కుటుంబాన్ని ముందే విచారిస్తారు, తర్వాత కూడా వచ్చి చూస్తుండాలి. ఆ రాకపోకలు కాగితం మీదే జరిగితే పాత అన్యాయమే కొత్త పేరుతో సాగుతుంది. కాబట్టి జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో చాలినంతమంది సోషల్ వర్కర్లు లేకుండా ఈ పథకాన్ని విస్తరించడం తప్పు. ఎడబాటు బాధ మాటేమిటన్నది ఇంకో ప్రశ్న. బాధ ఉంటుంది. ఒకరికి దగ్గరై విడిపోయిన బిడ్డ మళ్లీ ఇంకొకరిని నమ్మగలదు. ఎవరికీ దగ్గర కాని బిడ్డకు అది మరీ కష్టం.

పెద్ద పిల్లలు కలవరని, రక్తం రక్తమేనని అనేవారూ ఉన్నారు. పెద్ద పిల్లల్ని తీసుకెళ్లి తిరిగి అప్పగించిన సందర్భాలు ఉన్నమాట నిజం. ఎనిమిదేళ్ల పిల్లవాడు అన్నం దాచుకోవడం, అబద్ధాలాడడం, 'నువ్వు మా అమ్మవి కాదు' అనడం అతని గతం నేర్పిన జాగ్రత్తలు. అవి కృతఘ్నతగా తోచే ఇంట్లో అతను నిలవడు. అలాంటి ఇంటికి కౌన్సెలర్ తోడు మొదటి ఏడాదే కావాలి. ఇక రక్తం సంగతి. జన్మరహస్యం చెప్పి కృష్ణుడు రాజ్యమే ఇస్తానన్నా, పెంచిన రాధనూ అధిరథుణ్నీ వదిలి రానన్నాడు కర్ణుడు. ఆ కథ వింటూ కుంతి కోసం కన్నీరు పెట్టేవారే గానీ రాధను తలచుకునేవారు మనలో అరుదు.

నిబంధనలు ఎక్కువన్న విసుగుతో నర్సింగ్‌హోముల్లో, దళారుల దగ్గర బిడ్డల్ని తెచ్చుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 1990ల చివర, 2000ల మొదట్లో తెలంగాణ తండాల్లో ఆడశిశువుల్ని కొని, హైదరాబాద్‌లోని కొన్ని దత్తత సంస్థల ద్వారా విదేశాలకు పంపిన ఉదంతాలు బయటపడ్డాయి. బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు మనసు మార్చుకునేందుకు ఇచ్చే 60 రోజుల గడువు అలాంటి అమ్మకాలకు అడ్డుకట్ట. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టులకు బదులు కలెక్టర్లే ఇస్తున్నారు గనుక ఆ దశలో ఆలస్యానికి సాకు కూడా తగ్గింది. పిల్లల అమ్మకం, కొనుగోలు ఐదేళ్ల దాకా జైలు శిక్షపడే నేరం. వదిలేసిన శిశువు కంటపడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పోర్టల్‌లో పేరిచ్చి ఎదురుచూస్తున్నవారు, తాము కోరిన వయసు దగ్గర ఇంకోసారి ఆలోచించండి. పిల్లలు ఎదిగి వెళ్లిపోయి గదులు ఖాళీగా ఉన్నవారు మీ జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లి ఫోస్టర్ కేర్ దరఖాస్తు అడగండి.